పేతురు ముక్కు

ఇంగ్లండులోని మా డెర్బీషైర్ పల్లెలో ఏటా మే నెలలో ఊటబావికి పూలరేకుల పటం కట్టడం ఆనవాయితీ. ఆ పని డెబ్బై రెండేళ్ల మేబెల్ ఆల్సప్ చేతుల మీదుగా జరగాల్సిందే. తడి బంకమట్టి పూసిన చెక్కపలక ముందు మోకాళ్ల కింద దిండు వేసుకుని, వాన నీరు జారిపోయేలా రేకులను పెంకుల్లాగా కింది నుంచి పైకి పేరుస్తుంది. పక్కవాళ్లు అంటించిన రేకులను, వాళ్లు టీకి లేవగానే పీకి మళ్లీ అంటిస్తుంది. పక్కింటి సిరిల్‌తో మాత్రం, అతని కోడిపుంజు కూత మీద గొడవపడి, పదకొండేళ్లుగా మాటల్లేవు.

ఈసారి పటం పేతురు అపొస్తలుడిది. ముఖం ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆదివారం దీవెనకు వచ్చిన పాదిరిగారు గుడ్డ తొలగించగానే ఊరంతా గొల్లున నవ్వింది. వంకర ముక్కు, గుబురు కనుబొమలు, ఎడమ చెంప మీద పులిపిరి, అచ్చం సిరిలే! అప్పటిదాకా ఆ సంగతి తనకే తెలియని మేబెల్ ముఖం కందిపోయింది. సిరిల్ జనాన్ని తోసుకుంటూ వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"నా ముక్కు మరీ అంత పెద్దదా, మేబెల్?"

"మా వంటింటి కిటికీలోంచి అంతే కనబడుతుంది మరి!"

"అంటే, రోజూ చూస్తున్నావా?"

"గిన్నెలు రోజూ కడుక్కోవాలి కదయ్యా!"

జనం నవ్వు ఆపేదాకా పాదిరిగారు ప్రార్థన పుస్తకం మూసుకుని నిలబడ్డారు. అందరికంటే ఆలస్యంగా ఆగింది సిరిల్ నవ్వే.