బస్సు యాప్‌ను బాగుచేసిన పాపం

మొన్న మా ఆవిడకు రావలసిన ప్రమోషన్ నా చేతుల్లోనే పోయేది! అదీ నేను తప్పు చేసినందుకు కాదు, తప్పు సరిచేసినందుకు. నవ్వకండి, ముందు వినండి.

తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నాది. నాదంటే, నేను పనిచేసేది. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీకి మనుషుల్ని తీసుకెళ్ళే బస్సు ఎక్కడుందో చెప్పే యాప్ మేమే చేశాం. మా ఆవిడ లావణ్య ఉద్యోగం ఆ ఫ్యాక్టరీలోనే, ప్రయాణం ఆ బస్సులోనే. యాప్‌లో ఒక బగ్ ఉండేది. కొత్త స్టాపులు కలిపినప్పుడు అక్కడ బస్సు ఆగే టైం లెక్కలో వేయడం మరిచాను. దాంతో బస్సు రావడానికి పావుగంట ముందే ‘మీ బస్సు వచ్చింది’ అని ఫోను టింగుమనేది.

"బావా, దోమల్లో నిలబడి సస్తా ఉండాము. దాన్ని సరిచేయి" అని లావణ్య మొదటి వారమే చెప్పింది. మార్చాల్సింది కోడ్‌లో ఒక్క లైను. "నెక్స్ట్ రిలీజ్‌లో చేస్తాలే మే" అన్నాను. ఆ నెక్స్ట్ రిలీజ్ ఏడాది దాటినా రాలేదు. పోనుపోను ఆవిడా అడగడం మానేసింది. నాకు బుద్ధుంటే అప్పుడే అనుమానం రావాలి!

మంగళవారం పొద్దున షిఫ్ట్ మొదలవగానే లావణ్యకు లైన్ లీడర్ ప్రమోషన్ పరీక్ష. సోమవారం సాయంత్రం నాకు ప్రేమ పొంగుకొచ్చింది. పరీక్ష రోజైనా సుఖంగా వెళ్తుందని ఆ లైను మార్చి, అందరి ఫోన్లకూ అప్‌డేట్ పంపేశాను. సర్‌ప్రైజ్ అని ఇంట్లో నోరు మెదపలేదు.

పొద్దున ఫోను టింగుమంది. లావణ్య కదల్లేదు. తీరిగ్గా కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టింది.

"మే, బస్సొచ్చింది!"

"ఇంకా పావుగంట ఉండాది లే బావా. టింగుమన్నాకే గదా నేను కాఫీ పెట్టేది."

"లేదు మే... నిన్న సరిచేసినా."

ఆవిడ స్టవ్ ఆపి నా వైపు చూసిన చూపు పగవాడికి కూడా వద్దు. "ఏడాదికి ఈ పొద్దే దొరికిందా నీకు?"

ఆవిడను వెనక ఎక్కించుకుని స్కూటర్ తీశాను. స్టాపులో బస్సు లేదు. లావణ్య ఫోను ఒకటే మోత, అందరూ ఆ బస్సులో వెళ్ళేవాళ్ళే. "అక్కా, బస్సు మమ్మల్ని దాటిపోయినట్టు సూపిస్తా ఉండాది, ఏందిది?" ఒకామె టింగుమన్నాక తలస్నానానికి వెళ్ళిందట. ఇంకొకామె అప్పుడే క్యారియర్ కడుతోందట. నా తప్పుకు తగ్గట్టు అందరూ కాపురాలు సర్దుకుని ఉన్నారు. నేను చెప్పాపెట్టకుండా ఆ తప్పును లాగేశాను!

పుత్తూరు రోడ్డు పట్టుకున్నాను. వడమాలపేట దగ్గర టీ కొట్టు ముందు బస్సు కనబడింది. డ్రైవర్ మునిరత్నం అన్న ఒక్కడే నిలబడి బిక్కమొహం వేసుకుని ఉన్నాడు.

"ఏందప్పా, ఒక్క స్టాపులో కూడా నరమానవుడు లేడే! ఈ పొద్దు స్ట్రైకా?"

"అన్నా, ఈమెకు పరీక్ష ఉంది. ముందు ఎక్కించుకుని పో నీకు పుణ్యముంటుంది" అని బతిమాలాను. లావణ్య ఎక్కింది. ఖాళీ సీట్లు చూసింది. మోగుతున్న ఫోను చూసింది.

"బండి ఎనక్కి తిప్పన్నా. అందర్నీ ఎక్కించుకునే పోదాం."

"మే, పరీక్ష!"

"నీ వల్ల వాళ్ళకు ఆబ్సెంట్ పడితే, రేపు నేను లీడరయ్యి ఎవురికి పని సెప్పేది?"

బస్సు వెనక్కి తిరిగింది. నేను ఆఫీసుకు పోయి కూర్చున్నాను. ఫోను మోగితే చాలు, లావణ్యేమోనని లాక్కునేవాణ్ణి. మధ్యాహ్నం దాటాక లావణ్య ఫోను చేసింది. మనుషులు రాక పొద్దున ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ లైనే మొదలు కాలేదట, పరీక్ష మధ్యాహ్నానికి మార్చారట. పాసయింది! ఎవరికీ ఆబ్సెంట్ వేయలేదు. నిజంగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సంతోషం తర్వాత బావా. రేపు లీడరుగా నాకు మొదటి రోజు. సాయంత్రానికల్లా యాప్‌ను ముందు మాదిరే పెట్టు. మా బస్సులో అందరూ అదే అంటా ఉండారు."

కాసేపటికి మా మేనేజర్ కూడా వచ్చి అదే చెప్పాడు. ఫ్యాక్టరీ వాళ్ళు గట్టిగా అడిగారట.

ఒక్క లైనే కదా. టీ చల్లారేలోపే పెట్టేశాను. ఇంత సర్వీసులో నేను చెప్పిన టైంకు పూర్తి చేసిన పని అదొక్కటే: నా బగ్‌ను మళ్ళీ నా చేత్తోనే యథాస్థానంలో కూర్చోబెట్టడం!