డ్రైవర్ లోపటికి పోయిండు

కొత్త రాష్ట్రం వచ్చినా పాలమూరు రోడ్ల మీద ఇంకా పాత నంబరు ప్లేట్ల బళ్లే ఎక్కువగా తిరుగుతున్న ఆ రోజుల్లో నేను రెండు పనులు చేసేవాణ్ని. ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడం మొదటిది. అది పొట్ట కోసం. విమానాలు తయారు చేయడం రెండోది. అది ప్రాణం కోసం. విమానాలంటే మూరెడు పొడవు కూడా ఉండని ప్లాస్టిక్ విమానాలు. పెట్టెలో చట్రానికి అతుక్కొని చిన్నచిన్న ముక్కలుగా వస్తాయి. ఒక్కో ముక్కనూ కత్తిరించి, గీకి, అతికించి, అతుకు కనపడకుండా లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, అసలు విమానానికి ఎక్కడ ఏ రంగు ఉండేదో అక్కడ ఆ రంగే వేయాలి. ఎవరైనా వాటిని "బొమ్మలు" అంటే నాకు రోషం వచ్చేది. "బొమ్మలు కావండీ, నమూనాలు" అని సరిదిద్దేవాణ్ని. (ఎదుటివాళ్లు తలూపి, పక్కకు వెళ్లి "బొమ్మలేనట" అని చెప్పుకునేవారు.) ఆత్మకూరు నుంచి మా బాపు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడిగేవాడు. "యిమానం అయిపోయిందా?" "అయితాంది బాపూ." "ఎగురుతదా?" "ఎగరదు." "మరి ఎందుకురా?"

మెట్టుగడ్డ వైపు ఒక ఇంట్లో మేడ మీది గది కిరాయికి తీసుకున్నాను. కింద ఇంటివాళ్లుండేవారు. పొలం కౌలుకిచ్చి పట్నంలో ఇల్లు కట్టుకున్న తాత, ఆయన భార్య అవ్వ, నేను అక్కా అని పిలిచే వాళ్ల కోడలు, ఆ కోడలి కూతురు చిట్టి. అక్క భర్త షాద్‌నగర్ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తూ, డ్యూటీ కుదిరినప్పుడు వచ్చి పోతుండేవాడు. నేను చేరిన కొత్తలోనే రంగుల్లో కలిపే థిన్నర్ వాసన మెట్లు దిగి వాళ్ల వంటింట్లోకి వెళ్లింది. అవ్వ మెట్ల కింద నిలబడి కేకేసింది. "సారూ, గా కంపేంది? ఇల్లు సారుకిచ్చినమా, పెయింటరుకిచ్చినమా?" ఆ మర్నాటి నుంచి నీళ్లలో కలిపే రంగులకు మారిపోయాను. అవ్వకు భయపడి చేసిన ఆ మార్పుకు తర్వాత ఒక రోజు ఎన్ని దండాలు పెట్టుకున్నానో చెప్పలేను.

చిట్టికి అప్పటికి మూడేళ్లు నిండలేదు. సాయంత్రాలు మెట్లెక్కి వచ్చి నా గది గడప మీద కూర్చునేది. చూడొచ్చు, ముట్టుకోవద్దు అని మా ఇద్దరికీ ఒప్పందం. నేను రెక్కల కింద సన్నటి గీతలు ఎంత శ్రద్ధగా దిద్దినా ఆమెకు పట్టేది కాదు. ఇంజను చూపించినా ఆవులించేది. ఆమెకు కావాల్సింది ఒక్కటే. "డైవర్ ఏడి?" బస్సుకు డ్రైవరున్నాడు, ఆటోకు డ్రైవరున్నాడు, దీనికెందుకు లేడని ఆమె బాధ. "వస్తడు చిట్టీ, ఆఖర్న వస్తడు" అని రోజూ సముదాయించేవాణ్ని.

ఆ ఆఖరు ఒక ఆదివారం పొద్దున వచ్చింది. బల్ల మీద స్పిట్‌ఫైర్ అనే పాతకాలపు ఇంగ్లీషు యుద్ధవిమానం దాదాపు పూర్తయి నిలబడి ఉంది. మరుసటి వారం హైదరాబాద్‌లో నాలాంటి పిచ్చివాళ్లంతా కలిసి పెట్టుకునే ప్రదర్శనకు దాన్ని తీసుకెళ్లాలి. అంతకుముందు చేసినవన్నీ ఏదో ఒక మూల వంకరగా కుదిరాయి. ఇది మాత్రం నా చేతులతో చేసిందేనా అని నాకే అనుమానం వచ్చేలా కుదిరింది. ఇక మిగిలింది పైలట్‌ను సీట్లో కూర్చోబెట్టి పైన గాజులాంటి మూత బిగించడం. పైలట్ నా బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దగా ఉంటాడు. గోధుమరంగు కోటు, దాని మీద పచ్చటి లైఫ్‌జాకెట్టు వేసి, భూతద్దం పెట్టుకొని, ఊపిరి బిగబట్టి మీసం కూడా దిద్దాను. వాణ్ని అగ్గిపెట్టె మీద ఆరబెట్టానో లేదో, కింద నుంచి తాత కేక వినిపించింది. "సారూ, నల్లాలొచ్చినయ్! జల్ది రా!" నల్లా నీళ్లు వచ్చాయంటే మా వీధిలో దేన్నయినా వదిలేసి పరుగెత్తాల్సిందే. గడప మీద కూర్చున్న చిట్టిని దాటుకొని, బకెట్లు పట్టుకొని దిగాను.

తిరిగి వచ్చేసరికి చిట్టి గడప మీద లేదు. నా కుర్చీ మీద ఉంది. పెదవుల మీద గోధుమరంగు, గడ్డం మీద పచ్చరంగు. నోరు మెల్లగా ఆడుతోంది. అగ్గిపెట్టె మీద ఏమీ లేదు.

"చిట్టీ, నోరు తెరువు" అన్నాను. తెరిచింది. పాలపళ్లు, పచ్చటి నాలుక తప్ప లోపల ఏమీ లేదు. "డ్రైవర్ ఏడి?" "పోయిండు." "ఏడికి పోయిండు?" "లోపటికి పోయిండు." "లోపటికంటే... కడుపులకా?" చిట్టి తన పొట్ట వైపు ఒకసారి చూసుకుంది. కాస్త ఆలోచించింది. తలూపింది.

బల్ల కింద వెతికాను, మంచం కింద వెతికాను, చీపురుతో మూలలన్నీ ఊడ్చాను, ఆమె గౌను దులిపాను. అప్పుడు చిట్టి ఒకసారి దగ్గింది. చిన్న దగ్గే. కానీ అది విన్నాక నేను మెట్లు దిగిన తీరు గుర్తులేదు. కింద వాకిట్లో పిల్లను ఎత్తుకొని నిలబడి ఉన్నదొక్కటే గుర్తుంది. "అక్కా, చిట్టి పైలట్‌ను మింగింది" అన్నాను. అక్క చేతిలోని బిందె జారి పడింది. అవ్వ "ఎవల్ని మింగింది?" అంది. విషయం తెలిశాక అవ్వ అరటిపండు తినిపిస్తే జారిపోతదంది, తాత తలకిందులుగా పట్టుకోవాలన్నాడు. అక్క మాత్రం ఎవరి మాటా వినకుండా పిల్లను నా చేతుల్లోంచి లాక్కొని చెప్పుల్లేకుండానే రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆమె వెనక మేం ముగ్గురం.

ఆటో దొరికింది. రైలు గేటు మాత్రం పడి ఉంది. అవతల దవాఖాన, ఇవతల మేము. గూడ్సు బండి వచ్చింది. అంత పొడుగు బండి అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ఒక్కో డబ్బా తాపీగా దాటుతుంటే అక్క పిల్ల వీపు నిమురుతూ, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ ఉంది. అవ్వ మన్యంకొండ వెంకన్నకు మొక్కుతోంది. నేనూ మొక్కాను. పిల్ల బాగుంటే జన్మలో మళ్లీ ప్లాస్టిక్ ముట్టనన్నాను. (ఆ మొక్కు సంగతి స్వామికీ నాకూ మధ్య ఇంకా తేలలేదు.) చిట్టి మాత్రం గూడ్సు బండికి చెయ్యూపుతూ "డైవర్... డైవర్" అని కేకలు వేసింది. అక్క నా వైపు చూసింది. పిల్ల చెయ్యి కిందికి దించింది.

పిల్లల డాక్టరు నడివయసు మనిషి. చిట్టి ఛాతీ మీద గొట్టం పెట్టి విని, గొంతులోకి లైటు వేసి చూసి, నా వైపు తిరిగాడు. "ఏం మింగింది?" "పైలట్ సార్." "ఎవరు?" "పైలట్ సార్. బ్రిటిషోడు." రాస్తున్న కలం ఆగింది. ఇది చెప్పాల్సిన పద్ధతి కాదని నాకు అర్థమై, ప్లాస్టిక్ మనిషి అని, విమానంలోవాడని, సైజు ఇంత అని వేలు చూపించి చెప్పాను. "రంగు?" "నీళ్లల్ల కలిపేది సార్, విషం కాదని డబ్బా మీద రాసి ఉంది." "నువ్వు తిని చూసినవా?" "లేదు సార్." "నువ్వేం చేస్తవ్?" "ఫిజిక్స్ లెక్చరర్‌ను సార్." ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, నా విద్యార్థుల మీద జాలితో అనుకుంటాను, ఒక నిట్టూర్పు విడిచాడు.

ఎక్స్‌రే తీశారు. ప్లాస్టిక్ అందులో కనపడదని డాక్టరు ముందే చెప్పాడు, కనపడలేదు. "శ్వాస మంచిగనే ఉంది. కానీ దగ్గిందంటున్నరు. ఊపిరి దారిల ఇరుక్కున్నదంటే ఇక్కడ కుదరదు. హైదరాబాద్ తీస్కపోవాలె. మత్తిచ్చి, గొట్టమేసి చూస్తరు." మత్తు అనే మాట వినగానే అక్క పిల్లను డాక్టరు బల్ల మీంచి తీసి ఒళ్లో వేసుకుంది. అంబులెన్సుకు చెప్పమని డాక్టరు నర్సును పంపి, తాతతో అన్నాడు. "గా యిమానం, దాని పెట్టె ఉంటే పట్టుకరా తాతా. మింగింది ఎట్లుంటదో చూస్తే అక్కడి డాక్టర్లకు చెప్తా." తాత ఎవరిదో బండి వెనక ఎక్కి వెళ్లాడు.

ఆ వరండాలో కూర్చున్నంతసేపు నా కళ్ల ముందు పైలట్ మోచెయ్యి కనిపించింది. చేతులు ముందుకు చాచి కంట్రోలు పట్టుకున్నట్టు చేశారు వాణ్ని. ఆ మోచేతుల మొన ఎంత పదునుగా ఉందో గరుకు కాగితంతో రుద్దిన నాకు తెలుసు. ఇంకాస్త గుండ్రంగా రుద్ది ఉంటే బాగుండేదని, ఆ స్థితిలో కూడా ఒక పనివాడిలా ఆలోచిస్తున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

తాత వచ్చాడు. స్పిట్‌ఫైర్‌ను కోడిపిల్లను పట్టుకున్నట్టు ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. ఒక రెక్క చివర విరిగింది. డాక్టరు దాన్ని చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ చూసి, చిట్టిని అడిగాడు. "డ్రైవర్ను మింగినవా?" చిట్టి తలూపింది. "రైలును మింగినవా?" తలూపింది. "నన్ను మింగినవా?" ఇంకా ఉత్సాహంగా తలూపింది. డాక్టరు విమానాన్ని నెమ్మదిగా ముక్కు కిందికి వంచాడు. లోపల ఏదో కదిలింది. వెనక్కి వంచాడు. గలగలమని తోక వైపు జారింది. చిట్టి వేలు పెట్టి చూపించి, ఇంతసేపూ ఎవరికీ అర్థం కానందుకు విసుగ్గా అంది. "డైవర్ లోపటికి పోయిండు!"

సీటు వెనక చిన్న సందుంది. పాపం, ఆమె వాణ్ని నాకి చూసి, తర్వాత బుద్ధిగా బండెక్కించిందన్నమాట. నేను ఎగిరి గంతేయబోయాను. డాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. లోపట వేరే ముక్క ఊడి ఉండొచ్చు కదా? కండ్లతోని చూడంది నేను అంబులెన్సును ఆపను." విమానాన్ని వంచాం, ఊపాం, తట్టాం. లోపలివాడు సందు దాకా వచ్చి అడ్డం తిరుగుతున్నాడు గానీ బయటికి రావడం లేదు. బయట అంబులెన్సు వచ్చిన చప్పుడైంది. "పగలగొడతా సార్" అన్నాను.

నర్సు కత్తెర ఇచ్చింది. విమానం నడుమంటే నిలువునా అతికించిన రెండు సగాలు. ఆ అతుకులో మొన దింపితే విడిపోతుంది. అతుకు కోసం వెతికాను. కనపడలేదు. వెలుతురుకు ఎత్తి పట్టుకొని వెతికాను. కనపడలేదు. వారాల తరబడి లప్పం పెట్టి, రుద్ది, మళ్లీ రుద్ది, పుట్టించిన నాకే దొరకనంత బాగా దాచాను దాన్ని! (అంత మంచి పని నేను తర్వాతెప్పుడూ చేయలేదు.) "సారూ..." అంది అక్క. అంతే. బల్ల అంచుకు పెట్టి ఒక్కటి కొట్టాను. చెరుకు గడ విరిగినట్టు విరిగింది. తోక ముక్కలోంచి పైలట్ బల్ల మీదికి జారిపడ్డాడు. కోటు వెలిసిపోయింది. మీసం పూర్తిగా పోయింది. చేతులు మాత్రం అట్లాగే ముందుకు చాచి ఉన్నాయి.

"డైవర్ వచ్చిండు!" అని చిట్టి చప్పట్లు కొట్టింది. అక్క పిల్ల వీపున ఒక్కటిచ్చి, వెంటనే గుండెకు హత్తుకొని, ఏడుపో నవ్వో తెలియకుండా ఊగిపోయింది. డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "బ్రిటిషోడు చల్లగనే ఉన్నడు, బండి వాపస్ పొమ్మను" అన్నాడు నర్సుతో. అవ్వ నా దగ్గరికి వచ్చింది. గది ఖాళీ చేయమంటుందని తలవంచుకొని నిలబడ్డాను. "పొద్దుగాల సంది ఏమన్న తిన్నవా బిడ్డా?" అంది. అంతవరకూ నేను ఆ ఇంట్లో సారునే. ఆ రోజు మధ్యాహ్నం కింద వాళ్ల వంటింట్లో కూర్చొని జొన్నరొట్టె తిన్నాను.

ఇప్పుడు నల్లగొండలో వేరే కాలేజీలో పనిచేస్తున్నాను. బల్ల మీద ఎప్పుడూ ఏదో ఒక విమానం సగంలో ఉంటుంది. ప్రదర్శనలకూ వెళ్తుంటాను, ఒకటి రెండు మెచ్చుకోళ్లు కూడా దక్కాయి. కానీ నాకు బాగా గుర్తుండేది ఎవరికీ చూపించకుండానే పోయిన ఆ ఒక్క విమానమే.

ఆ ఆదివారం సాయంత్రం అతికిద్దామని రెండు ముక్కలనూ ముందు పెట్టుకొని కూర్చున్నాను. చిట్టి వచ్చింది. వాళ్లమ్మ గట్టిగా చెప్పి పంపినట్టుంది, గడప బయటే ఆగిపోయింది. లోపలికి చూడను కూడా చూడడం లేదు. కాసేపు నేనూ పని చేస్తున్నట్టు నటించాను. తర్వాత పైలట్‌ను ముందు ముక్కలో సీటుకు గట్టిగా అతికించి, ఆరేదాకా ఊదుతూ కూర్చొని, రెక్కలతో సహా దాన్ని ఆమె చేతుల్లో పెట్టేశాను. నేను చేసిన వాటిలోకెల్లా గొప్ప పనితనాన్ని చిట్టి దాని ముక్కు మీది పంకా రెక్క పట్టుకొని వేలాడదీసుకొని బయల్దేరింది. మెట్టు మెట్టుకూ అది తగులుతున్న చప్పుడు. టక్. టక్. చక్రమొకటి ఊడి దొర్లిన చప్పుడు. మళ్లీ టక్. గదిలో చెవులు రెండూ మూసుకొని, పళ్లు బిగించి, ఆమె కిందికి చేరేదాకా కళ్లు తెరవకుండా కూర్చున్న ఆ కుర్రాణ్ని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. వాడి పక్కన కాసేపు కూర్చోవాలనీ అనిపిస్తుంది.