ఐసీయూలో నేనన్న మాట

నన్ను పొడిచింది ఒక రొయ్య. వింటే నవ్వొస్తుంది, కానీ నిజం. అల్లూరు దగ్గర రొయ్యల చెరువులో పట్టుబడి రోజున, అంటే పెరిగిన రొయ్యల్ని వలేసి పట్టే రోజున, గట్టు మీద కూర్చుని రొయ్యల్ని సైజుల వారీగా ఏరుతుంటే, తల మీది ముల్లు బొటనవేలి పక్కన దిగింది. పసుపు అద్దుకుని మళ్లీ పనిలో పడ్డాను. మర్నాటికి మోచేతి దాకా వాచింది, ఒళ్లు కాలిపోయింది. నెల్లూరు ఆసుపత్రికి చేరేసరికి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు.

ఐసీయూలో నాకేం జరిగిందో నాకు సరిగ్గా తెలీదు. నేనేం వాగానో మాత్రం ఊరంతా చెప్పింది. నా తోటికోడలు అన్నంలో పురుగులకు చల్లే గుళికల మందు కలిపిందనీ, నన్ను చంపడానికే కలిపిందనీ కేకలు పెట్టానట. ప్రార్థన చేయడానికి వచ్చిన మా చర్చి సంఘ పెద్దా, నలుగురు ఆడవాళ్లూ విన్నారు. ఇంకేం కావాలి? చావు అంచున ఉన్న మనిషి నోట దేవుడే పలికించాడన్నారు. దానికి దర్శనమని పేరు కూడా పెట్టారు.

నా తోటికోడలంటే నా మరిది భార్య. మాది ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. నేను చెరువు మీదికి పోతే నా పిల్లలకు అన్నం పెట్టేది తనే. మందిరంలో సంఘమంతా కలిసి తినే ప్రేమ విందుకు ఏటా వండేదీ తనే. నేను బతికి ఇంటికొచ్చేసరికి తను వంటింట్లోకి రావడం మానేసింది. ఈసారి విందుకు పొయ్యి దగ్గరికి రావద్దని సంఘం వాళ్లు ముందే చెప్పేశారట. మా అత్త నా కంచం తానే కడిగి, తానే వడ్డించి, తినేదాకా కాపలా కూర్చునేది.

"ఇదేం చోద్యం అత్తా?" అన్నాను.

"నువ్వే గదమ్మా చెప్పినావు. ఇప్పుడు కాదంటే ఎట్టా?"

నాకు ఒళ్లు మండిపోయింది. చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరమ్మను నిలదీశాను. రక్తంలో క్రిములు పడితే ఒళ్లు కొన్ని ప్రోటీన్లను వదులుతుందంది. ప్రోటీన్ అంటే రొయ్యల మేత బస్తా మీద రాసి ఉండేదే నాకు తెలుసు. ఆమె ఓపిగ్గా విడమరిచింది. ఇవి క్రిముల మీద పోరాడమని ఒళ్లంతా కబురు పెట్టే ప్రోటీన్లట. జబ్బు ముదిరితే ఆ కబురు హద్దు మీరుతుంది. రక్తానికీ మెదడుకీ మధ్యనున్న అడ్డు సడలుతుంది, మెదడులో కాపలా ఉండే కణాలు రేగిపోతాయి, మెదడుకు వాపు వస్తుంది. అప్పుడు మనిషి లేనిది చూస్తాడు, లేనిది అంటాడు. ఆ రేగినదాన్ని చల్లార్చే ప్రోటీన్లూ ఉన్నాయట. వేళకు మందు పడింది కాబట్టి నేను బయటపడ్డాను.

"అయితే నేను అబద్ధమాడానా?" అన్నాను.

"అబద్ధం కాదమ్మా. జబ్బు."

మాలో చావు తప్పినవాళ్లు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. నా దర్శనం వినాలని ఆ ఆదివారం మందిరం నిండిపోయింది. నా తోటికోడలు తలుపు పక్కన తలొంచుకుని కూర్చుంది.

"దేవుడు నన్ను బతికించినాడు, ఆయనకు వందనాలు. దర్శనం మాత్రం ఇయ్యలా," అని మొదలుపెట్టి డాక్టరమ్మ మాటలన్నీ చెప్పాను.

సంఘ పెద్ద అడ్డుపడ్డాడు. "సైన్సు మనకెందుకమ్మా? దేవుడు చూపించింది చెప్పు."

"సరే పెద్దయ్యా. మీరొచ్చిన రోజే మీ మీసంలో రొయ్యలు ఈదుతుండాయని కూడా అన్నానంట, నర్సమ్మ చెప్పింది. అదీ దర్శనమేనా?"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన చెయ్యి మీసం మీదికి పోయింది.

"అది కాకపోతే ఇదీ కాదు. రెండూ ఒక్క జ్వరంలో అన్నవే. ఆమెను పొయ్యి దగ్గరికి రానియ్యకపోతే ఆ విందు నేను ముట్టను."

కూర్చోమన్నారు. ఎవరో పాట ఎత్తుకునేదాకా కూర్చోలేదు. విందు రోజు గంటె నా తోటికోడలి చేతిలోనే ఉంది. కొందరు వంకలు చెప్పి తినకుండా పోయారు. పోతే పోనీ.

డాక్టరమ్మకు తప్ప ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. తను అటు తిరిగి నిలబడి అన్నంలో గుళికలు చల్లడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. గాజుల చప్పుడు కూడా వినిపిస్తుంది. జబ్బులో చూసింది కొందరికి అట్లా నిజం జ్ఞాపకంలాగే ఉండిపోతుందని డాక్టరమ్మ అంది. ఉండనీ. రోజూ తను వండిందే తింటున్నాను. మొదటి ముద్ద నోటి దాకా వచ్చి ఆగుతుంది. తను గుమ్మంలోంచి నా చేతినే చూస్తుంటుంది. మింగేసి, కంచం ముందుకు జరుపుతాను.

"ఇంకొంచెం పెట్టవే."