వైబ్రఫోన్‌కు సుత్తి తోడు

అరబ్బుల దేశంలో, షువైఖ్ గ్యారేజీలో నా పక్కన డెంటింగ్ పని చేసే కడపవాడు ఒకడుండేవాడు. అన్నం వేళ నేను ఫోనులో నా అభిమాన వైబ్రఫోన్ వాయిద్యకారుడి స్వింగ్ కాలపు జాజ్ ఆల్బమ్ పెడితే చాలు, సొట్టపడ్డ కారు తలుపు మీద సుత్తితో దరువు మొదలెట్టేవాడు. వైబ్రఫోన్ లోహపు పట్టీలను కర్రలతో కొట్టి అంత మెత్తగా పలికించిన విద్వాంసుడాయన! నేటి వాయిద్యకారులూ ఆయన బాణీయే పట్టుకున్నారు. అలాంటి ఆల్బమ్‌ను ఒక్కనాడైనా సాంతం విననిచ్చాడా?

"ఆపరా!" అంటే, "ఆయప్ప గూడా రేకు కొట్టేటోడే గదన్నా!" అనేవాడు.

అక్కడ ఉండే పర్మిట్ ఇఖామా ఖలాసై వాడు ఊరికి పోయే ముందురోజు, వాడి సుత్తి లాక్కుని ఒళ్లో పెట్టుకుని, ఆల్బమ్ పెట్టాను. చేతులు కట్టుకుని అంతా విన్నాడు. ఎట్లుందని అడిగాను.

"బాగుండాదన్నా. కానీ అందుల్లో మనం ల్యాం గదా!"

ఒళ్లు మండింది. సుత్తి వాడి ముందు పడేసి, ఆల్బమ్ మళ్లీ మొదటినుంచి పెట్టాను.