రెండో దెబ్బ మీద అమ్మ చప్పట్లు

జాజ్ గురించి గంటసేపు మాట్లాడమని మా ప్రిన్సిపాల్ అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. నంద్యాల డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. వ్యాకరణం అడిగితే నిద్రలో లేపినా చెబుతాను. ఇప్పుడు సిలబస్‌లో అమెరికా సంస్కృతి అని ఒక పాఠం పెట్టారు, అందులో సగం జాజే. "మీరు చర్చిలో పాడతారు కదా మేడమ్, సంగీతం తెలిసింది మీకే," అన్నాడాయన. వంట వచ్చినవాళ్లందరికీ వైద్యం కూడా వస్తుందా సార్ అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. వచ్చే శనివారమే ఉపన్యాసం.

మేం ఉండేది ఆళ్లగడ్డలో, అమ్మా నేనూ. రోజూ సాయంత్రం బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, వంటింట్లో ఉప్పు డబ్బాకు ఫోన్ ఆనించి జాజ్ గురించి చూస్తూ, చదువుతూ కూర్చునేదాన్ని. తిట్టుకుంటూనే మొదలుపెట్టాను. రెండో రోజుకు తిట్టడం మర్చిపోయాను.

జాజ్ మొదలైంది ఆఫ్రికా నుంచి అమెరికాకు పట్టుకొచ్చి బానిసలుగా అమ్మిన మనుషుల దగ్గర. డోలు చప్పుడుతో కబురు పంపుకుని తిరగబడతారన్న భయంతో చాలాచోట్ల యజమానులు వాళ్ల దగ్గర డోళ్లే ఉండనివ్వలేదు. డోళ్లు పోతే చేతులతో, కాళ్లతో తాళం వేసుకున్నారు. పొలంలో ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకున్నారు. న్యూ ఓర్లీన్స్ ఊళ్లో మాత్రం ఆదివారం పూట ఒక మైదానంలో చేరి ఆడీ పాడీ పోయేవాళ్లు. బానిసత్వం పోయాక బ్యాండు వాయిద్యాలు వాళ్ల చేతికొచ్చాయి. పెళ్లికీ చావుకూ ఊరేగింపుల్లో బాకాలు ఊదుతూ, తెలిసిన పాటనే ఎవరికి తోచిన మలుపు వాళ్లు తిప్పుతూ, ఒక కొత్త సంగీతాన్నే పుట్టించారు. అది రైలెక్కి పెద్ద నగరాలకు పోయింది, రేడియోలో మోగింది. అమెరికా వాళ్ల డాన్సులోకి, సినిమాలోకి, కవిత్వంలోకి, ఆఖరికి వీధిలో మాట్లాడే మాటలోకి కూడా దూరింది. ఇంత చేసినా, వాయించేవాళ్లు చాలా హోటళ్లలోకి వెనక తలుపు గుండా రావాలట! ముందు తలుపు గుండా వచ్చిన దొరలు వాళ్ల పాటకు డాన్సు చేస్తారట! అది చదివి నాకు మళ్లీ ఒళ్లు మండింది, ఈసారి ప్రిన్సిపాల్ మీద కాదు.

చరిత్ర అయితే ఎక్కింది గానీ, చప్పట్ల దగ్గర చిక్కొచ్చింది. ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని లెక్కపెడితే మనం చర్చిలో ఒకటి మీదా మూడు మీదా కొడతాం. ఫోన్‌లో జాజ్ వినే జనం రెండు మీదా నాలుగు మీదా కొడుతున్నారు. నేను ఎంత బిగబట్టుకుని కూర్చున్నా నా చేయి ఒకటి మీదే పడుతుంది. పది సార్లు ప్రయత్నించి, "ఛీ, నా తలకాయ!" అనుకున్నాను.

అప్పుడు వెనకనుంచి చప్పట్లు వినపడ్డాయి. రెండు మీద, నాలుగు మీద, ఒక్కటీ తప్పకుండా. తిరిగి చూస్తే అమ్మ. మెంతాకు తుంచడం ఆపి పాట వింటూ కొడుతోంది. నేను చూడగానే చేతులు కొంగు కింద దాచుకుంది.

"ఇంకోసారి కొట్టుమా," అన్నాను.

"నేనేం కొట్టల్యా. నాది తప్పు తాళం గదా," అంది.

ఆ మాట ఎక్కడిదో నాకు తెలుసు. రెండేళ్ల కింద మా చర్చిలో కొత్త కీబోర్డు వచ్చింది. పాటల గుంపు నడిపే ఆయన ఒక ఆదివారం పాట మధ్యలో ఆపి, "ముందు వరసలో ఎవరో చప్పట్లు తప్పు కొడ్తాండారప్పా," అన్నాడు. అందరూ అమ్మవైపు చూశారు. పక్కన కూర్చున్న నాకు తల కొట్టేసినట్టయింది. మళ్లీ పాట మొదలవగానే అమ్మ చేతులు లేచాయి. నేను ఆ రెండు చేతులూ పట్టుకుని ఒళ్లో పెట్టేశాను. ఆ తర్వాతి వారం నుంచి అమ్మ వెనక తలుపు పక్కన కూర్చుంటోంది. చప్పట్లు లేవు, పాటా లేదు. మోకాళ్ల నొప్పులు, ముందుదాకా నడవలేనని చెప్పింది. నేనూ హాయిగా నమ్మినట్టే ఉండిపోయాను.

"ఈ తాళం యాడ నేర్చుకున్నావు?" అని అడిగాను.

"నేర్చుకునేదేంది? కోయిలకుంట్ల పక్క మా ఊర్లో పప్పుశనగ కొట్టేటప్పుడు ఇట్లొక వరస, అట్లొక వరస ఎదురెదురుగా నిలబడి కట్టెల్తో కొడ్తాంటిమి. ముందు ఆ వరస కట్టెలు దిగుతాయి. అవి లేచినంక మనవి దిగాల. అందరివీ ఒక్కసారే దిగితే కట్టెకు కట్టె తగిలి చేతులు ఇరుగుతాయి. నేను ఎప్పుడూ రెండో వరసే."

ఫోన్ ఆపేశాను. చపాతీ కర్ర నా చేతికి, పప్పుగుత్తి అమ్మ చేతికి. నేల మీద గోనెసంచి పరిచి కొట్టాం. మూడో దెబ్బకే పప్పుగుత్తి నా వేళ్ల మీద పడింది. "పిల్లోళ్లకు ఏం సదువు చెప్తాండావే నువ్వు? నాలుగు లెక్కపెట్టేకి రాదు!" అని అమ్మ పడీపడీ నవ్వింది. వేళ్లు వాచినా నాకు కోపం రాలేదు. అమ్మ అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో!

శనివారం అమ్మను వెంటబెట్టుకుని నంద్యాల పోయాను. "సదువురాని దాన్ని, ఆడ నన్నేం చేస్తావ్?" అని దారి పొడుగునా గొణిగింది. హాలు నిండా పిల్లలు. నా చరిత్ర పాఠం అరగంట సాగేసరికి వెనక వరసలు ఆవలింతల్లో ఉన్నాయి. ఇక లాభం లేదని అమ్మను లేపాను. ఆమె వచ్చి పిల్లల్ని రెండు వరసలుగా, ఎదురెదురుగా నిలబెట్టింది. పప్పుశనగ ఎట్లా కొట్టాలో చెప్పింది. ఉత్త చేతులతోనే. మొదట గందరగోళం, నవ్వులు. నాలుగో సారికి కుదిరింది. ఒక వరస కొడుతుంటే ఆ సందులో రెండో వరస పడుతోంది. నేను ఫోన్‌లో బాకాల పాట పెట్టాను. హాలు ఊగిపోయింది!

ప్రిన్సిపాల్ కూడా ఉత్సాహంగా వచ్చి రెండో వరసలో చేరాడు. అమ్మ ఆయన్ను కాసేపు చూసింది. "సారూ, మీరు ఆ పక్కకు పోండి. మీ చెయ్యి ముందే దిగుతాంది," అంది. పాపం, వెళ్లి ఒకటో వరసలో నిలబడ్డాడు. "ఇంకోసారి అవ్వా!" అని పిల్లలు గంట మోగినా వదల్లేదు.

ఇంకేముంది, అంతా సర్దుకుందనుకున్నాను. మర్నాడు చర్చిలో అమ్మ మళ్లీ వెనక తలుపు పక్కకే పోయింది. నేను ముందు వరసలో కూర్చోలేకపోయాను. లేచి వెనక్కి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. పాట మొదలైంది. ఆమె చేతులు ఒళ్లో, కొంగు కిందే ఉన్నాయి.

"కొట్టుమా," అన్నాను చెవిలో.

"ఈడొద్దు పాపా. మళ్లీ నీకు నామోషీ అయితాది."

రెండేళ్లుగా ఆ పాటల ఆయన మీద కోపం పెట్టుకున్నాను. అమ్మ ఆగింది ఆయన మాటకు కాదు, నాకోసం. ఏడుపొచ్చింది. డోళ్లు లాక్కున్న దొరల గురించి కాలేజీలో అంత ఆవేశంగా చెప్పి వచ్చానే, మా అమ్మ చేతులు పట్టుకుంది ఎవరు?

"తప్పు నాదమా. ఆ పొద్దు నీ చేతులు నేను పట్టుకోకుండా ఉండాల్సింది," అన్నాను. ముందు కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. చూడనీ. నేను ఒకటి మీద చప్పట్లు మొదలుపెట్టాను.

అమ్మ నా ముఖం వైపు చూసింది, తర్వాత నా చేతుల వైపు. చరణం ఒకటి అయిపోయింది. కొంగులోంచి చేతులు బయటికి తీసింది.

"అంత మెత్తగ కొడ్తే ఎట్ల? గట్టిగ కొట్టు. నీ దెబ్బ ఇనపడకపోతే నా దెబ్బ యాడ ఎయ్యాల?"