కళ్ళు పెట్టని దేవుళ్ళు

మా ముత్తాతగారి తండ్రి చల్లపల్లి జమీందారుగారి కచేరీకి వెళితే ఆయనకు కుర్చీ వేసేవారు. ముత్తాతగారు ఊరికి మునసబు. తాతయ్య చిన్నతనంలో పామర్రు నుంచి ఏ దిక్కుకు నడిచినా కొంతదూరం మా పొలం గట్టు మీదే నడవాలి. నాన్న పెద్దయ్యేసరికి ఆ గట్లన్నీ వేరేవాళ్ళవి. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట.

నాయనమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి పోయేదాకా బట్ట మీద బొమ్మలు వేసింది. బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరవేసేది. చింతపుల్లల బొగ్గుతో గీసుకుని, తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నల్లరంగుతో, వెదురు కలంతో దిద్దేది. ఇంటికి వచ్చినవాళ్ళు పాలవాసనకు ముక్కు మూసుకునేవారు. ఆమె వేసిన అయోధ్యలో కాలువ ఉండేది, కాలువకు లాకులు, గట్టున తాడిచెట్లు. అయోధ్యలో లాకులేమిటని తాతయ్య నవ్వితే, నీళ్ళు వదలకుండా రాజ్యమెట్లా చేస్తారండీ అని అడిగేది.

ఇంట్లో ఉన్న బొమ్మల్లో దేవుళ్ళకు కళ్ళు ఉండేవి కావు. కనుపాప దిద్దితే ప్రాణం వచ్చినట్టేనని, ఇక రోజూ నైవేద్యం పెట్టాలని ఆమె పట్టింపు. ఏ పెళ్ళికో కానుకగా పంపేటప్పుడు మాత్రం, ఆ ఉదయం తలస్నానం చేసి కళ్ళు దిద్ది, మళ్ళీ చూడకుండా చుట్టి ఇచ్చేసేది. ఎవరైనా వెల అడిగితే లోపలికి వెళ్ళిపోయేది. మన గడప దాటేది కానుకే గానీ సరుకు కాదని మాకు చెప్పేది. నేను ఆ మాట మీదే పెరిగాను.

ఆమె పోయాక భోషాణం తీస్తే, ఏళ్ళ తరబడి వేసిన శ్రీరామ పట్టాభిషేకం బొమ్మ అందులో లేదు. తాళం ఎప్పుడూ ఆమె చిన్నకోడలు, మా పిన్ని దగ్గరే ఉండేది. పెడన నుంచి బట్ట తెచ్చే సాయిబుగారు ముందు గుమ్మం ఉండగా పెరటి దారిన ఎందుకు వచ్చేవారో నాకు చిన్నప్పటి నుంచీ అంతుపట్టలేదు. వాళ్ళిద్దరిలో ఒకరో, ఇద్దరూ కలిసో చేశారనే అనుకున్నాను. పైకి అనలేదు. మా ఇంటి దొంగతనం బయట చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

నిరుడు పటమటలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. హాల్లో అద్దం బిగించిన పట్టాభిషేకం. సింహాసనం వెనక కాలువ, లాకులు. భోజనం చేయకుండానే వచ్చేశాను.

మర్నాడు పామర్రు వెళ్ళాను. పిన్ని పాత ఇంటి వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. తాళం నీ దగ్గరుండగా బొమ్మ పటమట ఎట్లా చేరిందని అడిగాను.

"కూర్చోకుండానే మునసబుగారి విచారణా?" అంది. కాసేపు గింజలు తీసి, "రాముడికి కళ్ళున్నాయా?" అని అడిగింది.

ఉన్నాయన్నాను.

"ఎవరు పెట్టార్రా మరి, దొంగ పెట్టాడా?"

నేను వసారా అరుగు మీద కూర్చున్నాను.

"అత్తయ్యగారే సాయిబుగారి చేత అమ్మించారు. మీ తాతయ్యగారి కంట పడకుండా పెరటి దారిన రమ్మన్నదీ ఆవిడే. పొలాలు పోయాక ఈ ఇంట్లో పొయ్యి ఎట్టా వెలిగిందనుకున్నావు?"

నమ్మబుద్ధి కాలేదు. పోయినవాళ్ళ మీదకు తోసెయ్యడం తేలిక. కళ్ళు లేని బొమ్మ ఎవరూ కొనరని వేరేవారి చేత దిద్దించి ఉండవచ్చు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ అదే ఆలోచన. బస్సు దిగి, మా ఫ్లాటుకు పోకుండా నేరుగా ఆ ఇంటికే వెళ్ళాను. నిన్న సరిగా చూడలేదు, మరోసారి చూడవచ్చా అని అడిగితే ఇంటాయన సంతోషంగా లోపలికి పిలిచాడు.

అద్దానికి ముఖం ఆనించినంత దగ్గరగా చూశాను. మామూలుగా కనుపాపను కంటి నడుమ దిద్దుతారు. నాయనమ్మ పైరెప్పకు ఆనించి, కింద సన్నగా తెలుపు వదిలేది. రాముడికి అలాగే ఉంది. సీతకూ, లక్ష్మణుడికీ, కింద కూర్చున్న హనుమంతుడికీ అలాగే ఉంది. ఎక్కడా చెయ్యి వణకలేదు.

ఇంటాయన కాఫీ తెచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మా నాన్నగారు ఎప్పుడో కొన్నారండీ. ఎవరు వేశారో ఆయనక్కూడా తెలీదు. మీకేమైనా తెలుసాండీ?"

"మా నాయనమ్మ వేసింది."

ఆయన ముఖంలో కంగారు కనిపించింది. నేను నిన్న భోజనం చేయకుండా ఎందుకు వెళ్ళిపోయానో అప్పుడు అర్థమైనట్టుంది. గొంతు తగ్గించి, "మరి మీ ఇంట్లోంచి ఎట్లా బయటికొచ్చిందండీ?" అని అడిగాడు.

పెళ్ళి కానుకగా ఇచ్చామని చెప్పవచ్చు. పోయిందని చెప్పినా ఆయన నమ్మేవాడు.

"ఆమే అమ్మిందండీ," అన్నాను.

తర్వాత పిన్నిని అడిగి తెలుసుకున్నాను: పట్టాభిషేకంతో పాటు గజేంద్రమోక్షం, రెండు దశావతారాల బొమ్మలు కూడా నాయనమ్మ అమ్మింది.