నేలమీదికి దించిన గడ్డి

మొన్న మా అమ్మాయి, తన కూతురు గుర్రపుస్వారీ నేర్చుకునే చోటు చూపిస్తానని నన్ను టేకల్ దాటి తీసుకుపోయింది. మామిడితోటల పక్కన పొడుగ్గా కట్టిన లాయం, అందులో పది గుర్రాలు, ప్రతి అరలోనూ ఒక మూలన నేలకు ఆనించిన లోతైన తొట్టి, దాన్నిండా ఎండుగడ్డి. గుర్రం తల వంచి తినాలి తాతా, పైన కడితే దుమ్మంతా ముక్కులోకి పోతుంది అని మా మనవరాలు నాకు నేర్పబోయింది. ఊకొట్టినాను గానీ, ఆ తర్వాత ఆ పిల్ల చెప్పినవేవీ నా చెవికెక్కలేదు. ఆ ఒక్క సంగతి తెలుసుకోవడానికి మా నాయన, నేను, ఒక ఎర్ర ఆడగుర్రం ఎన్ని పాట్లు పడినామో ఆ పిల్లకు ఏమని చెప్పేది?

నా ఈడువాళ్లకు ఊరిగాంలో బంగారు గని కూలీలకిచ్చిన లైను ఇళ్లు గుర్తుండే ఉంటాయి. గనిలో పని ఉన్నన్నాళ్లే ఆ ఇల్లు మనది. మా తాత చిత్తూరు వైపు పల్లె వదిలి వచ్చి గనిలో దిగినాడు, ఆయన వెనక మా నాయన. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి నాయన ఇంక పనికి రాడని తేలినాక మేము ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. అమ్మ అప్పటికే లేదు. నాకు ఇరవై రెండేళ్లు. టైపు పరీక్ష పాసై, బెంగళూరులో ఏదైనా ఆఫీసులో చేరుదామని కలలు కంటూ ఉన్నవాణ్ణి. సరిగ్గా అప్పుడే ఊరి వెలుపల గుర్రాలు పెంచే ఒక పెద్దమనిషి లాయం చూసుకోవడానికి మనిషి కావాలన్నాడు. పనితో పాటు లాయానికి ఆనుకుని ఒక గది ఇస్తానన్నాడు. ఆ గది కోసమే ఒప్పుకున్నాను. నెల తిరక్కముందే నాకు తెలిసిపోయింది, అరల్లో ఆ గుర్రాలు ఎట్లా ఉన్నాయో నేనూ అట్లాగే ఉన్నానని. పని వదిలితే గది పోతుంది, గది పోతే నాయనను యాడ పడుకోబెట్టేది? పొద్దున బెంగళూరు రైలు కూత వినబడితే చేతిలో పార అట్లాగే ఆగిపోయేది.

మా యజమానికి లాయం అద్దంలా ఉండాలి. నేలమీద ఒక్క గడ్డిపరక కనబడినా సహించేవాడు కాదు. అందుకని గడ్డిని గోడకు మనిషెత్తున బిగించిన ఇనుప జాలీల్లో పెట్టేవాళ్లం. గుర్రాలు మెడలు చాచి లాగినప్పుడల్లా పొట్టూ దుమ్మూ వాటి కళ్లలో, ముక్కుల్లో రాలేది. ఉన్న నాలుగింటిలో ఎర్ర ఆడగుర్రం ఎప్పుడూ దగ్గుతూ ఉండేది, కళ్లవెంట నీరు కారేది. వానలు మొదలయ్యేలోగా నయం కాకపోతే దాన్ని జట్కాబండికి ఇచ్చేస్తానని యజమాని తేల్చి చెప్పినాడు. ఆ దగ్గుతో బండి లాగితే అది ఎన్నాళ్లు బతుకుతుందో మాకు తెలుసు.

నాయన పొద్దంతా ఒక బకెట్టు బోర్లించుకుని దాని అర ముందు కూర్చునేవాడు. ఇటు ఆయన, అటు అది, ఒకరి దగ్గు ఆగితే ఒకరిది మొదలయ్యేది. ఒకనాడు నన్ను పిలిచి కూర్చోబెట్టుకున్నాడు.

"మేము లోపల తలెత్తి పైరాయికి బొక్క కొట్టేటప్పుడు దుమ్మంతా నోట్లోనే పడేది. దానికీ అదే అవుతాండాది. గడ్డి కిందికి దించప్పా."

యజమానిని అడిగితే, నేలమీద మేత బర్రెలకు వేస్తారన్నాడు, తొక్కి పాడుచేస్తాయన్నాడు. ఆ రెండో మాట అబద్ధం కాదు. ఆయన బెంగళూరు పోయిన వారంలో నేలమీద వేసి చూస్తే సగం గడ్డి పేడలో కలిసిపోయింది. అప్పుడు నేను, పెద్ద తెలివైనవాణ్ణనుకుని, తాళ్లతో వల అల్లి, గడ్డి నింపి, మోకాలెత్తున వేలాడదీసినాను.

మరునాడు మధ్యాహ్నం లాయం దద్దరిల్లింది. ఎర్రగుర్రం కాలు దువ్వుతూ దువ్వుతూ వలలో గిట్ట ఇరికించుకుంది, లాడం తాళ్లలో చిక్కుకుని ఎంత లాగినా రావడం లేదు, అది గోడను తన్నుకుంటూ ఒళ్లంతా చెమటతో వణుకుతోంది. నేను తలుపు దగ్గరే బిగుసుకుపోయినాను. పది అడుగులు వేస్తే ఆయాసపడే మా నాయన గడ్డి కోసే కొడవలి తీసుకుని నన్ను పక్కకు తోసి లోపలికి పోయినాడు. దాని భుజానికి తన భుజం ఆనించి, చంటిబిడ్డతో మాట్లాడినట్టు మాట్లాడినాడు.

"కదలొద్దమ్మా. కదిలితే ఇంగా బిగుస్తాది. నేనుండాను గదా."

ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్తూ ఒక్కొక్క తాడే కోసినాడు. కాలు విడిపడేసరికి గుర్రం కంటే ఆయనే ఎక్కువ రొప్పుతున్నాడు. నేను నీళ్లు తాగించినాక చెప్పినాడు, తన పడుచు వయసులో ఒకసారి గని లోపల రాళ్లు కూలి రెండు కాళ్లూ ఇరుక్కున్నప్పుడు, తోటి కూలి ఒకడు పైకి పోకుండా తన పక్కనే కూర్చుని, రాళ్లు తీసేదాకా ఆ మాటలే అంటూ ఉన్నాడని. అన్నేళ్లలో ఆ సంగతి అమ్మకు కూడా చెప్పలేదట.

ఆ తర్వాత నాయన కూర్చుని చెప్తుంటే నేను ఇటుకలు పేర్చినాను. మూలన మోకాలెత్తు గుండ్రటి గోడ, గీసుకోకుండా నున్నగా తీర్చిన అంచులు, కాలు పడినా ఇరుక్కోనంత వెడల్పు, నీళ్లు పోవడానికి అడుగున తూము. గడ్డిని బయటే దులిపి, నీళ్లు చిలకరించి అందులో వేసినాము. యజమాని తిరిగి వచ్చి చూసినప్పుడు, నిజం చెప్పాలంటే, నన్ను పనిలోంచి తీసేస్తే బాగుండునని మనసులో ఒక మూల కోరుకున్నాను. ఆయన మాత్రం తల వంచి నెమ్మదిగా మేస్తున్న గుర్రాన్ని చాలాసేపు చూసి, తక్కిన మూడు అరల్లోనూ ఇట్లాగే కట్టమన్నాడు. సంతోషపడినాను, ఇక్కణ్ణించి ఇంక కదలలేనని కూడా ఆ క్షణమే అర్థమైంది.

వానలు పడేసరికి ఎర్రగుర్రం దగ్గు బాగా తగ్గింది, దాన్ని జట్కాకు ఇవ్వలేదు. నాయన దగ్గు తగ్గలేదు. మరుసటి ఎండాకాలం రాకముందే పోయినాడు. ఇంక ఆ గదితో నాకు పనిలేదు, ఏ పొద్దునైనా పెట్టె సర్దుకుని పోవచ్చు. అయినా తొమ్మిదేళ్లు అక్కడే ఉండిపోయినాను. ఎందుకని మా ఆవిడ చాలాసార్లు అడిగింది, నాకే తెలియనిది ఆమెకేం చెప్పను?

ఈమధ్య ఊరిగాం పోయినప్పుడు మా పాత లైనులో నడిచినాను. ఆ రోజుల్లో తెల్లారితే ఆ వీధిలో ఏ ఇంట్లో ఎవరు నిద్రలేచినారో దగ్గును బట్టి చెప్పగలిగేవాళ్లం, చిన్నపిల్లలం దాన్ని కోడికూతలాగే వినేవాళ్లం. గనులు మూతపడినాయి, ఆ దగ్గులూ లేవు. ఇప్పటి పిల్లలు హాయిగా గాలి పీల్చుకుంటున్నారు, అది మంచిదే. ఆ దగ్గినవాళ్లలో ఒక్కరైనా కోలుకుని గుమ్మం ముందు కూర్చుని ఉంటే, వీధి ఇంత నిశ్శబ్దంగా ఉన్నా నాకు ఇంత వెలితిగా ఉండేది కాదేమో.